'బిట్టీ' అన్న మాట విన్న తర్వాత

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో వేదికల మీద తెలుగులో హాస్యం చెబుతుంటాడు. పోయిన నెల ఒక రాత్రి నాకు నాలుగు వాక్యాలు పంపాడు. మూడున్నరేళ్ళ పిల్లవాడు బడి నుంచి వస్తాడు. సంచీ గుమ్మంలో పడేస్తాడు. వంటింట్లోకి వెళ్ళి అమ్మ కొంగు లాగి, పాలు తాగి, మూతి తుడుచుకుంటాడు. "ఈ రోజు హోంవర్క్ చాలా ఉందమ్మా" అంటాడు. దాని కింద ఒక ప్రశ్న: "అక్కా, ఇది నవ్వు తెప్పిస్తుందా, ఎవరినైనా బాధపెడుతుందా? నువ్వు సరేనంటేనే వేదిక మీద చెబుతాను."

నన్నే ఎందుకు అడిగాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అబ్బాయికి మూడేళ్ళ రెండు నెలలు వచ్చేవరకు నేను పాలిచ్చాను. అందులో ఎక్కువ కాలం ఇంగ్లండ్‌లో, రెడింగ్ ఊళ్ళో గడిచింది. వాడి ప్రశ్నకు వెంటనే జవాబు రాయబోయాను. చదవగానే నవ్వు వచ్చిన మాట నిజం. ఆ నవ్వు పూర్తిగా బయటికి రాకముందే ఒక పాత మాట అడ్డుపడింది. అందుకే జవాబు ఇంత పొడుగైంది.

2018 వేసవి. మా ఆయనతో పనిచేసే ఒకాయన తన ఇంటి పెరట్లో పదిహేను మందిని భోజనానికి పిలిచాడు. మావాడికి అప్పుడు రెండేళ్ళ నాలుగు నెలలు. అప్పటిదాకా గడ్డిలో ఆడి ఆడి, నిద్ర ముంచుకొచ్చి, నా దగ్గరికి వచ్చి "పాయి" అన్నాడు. పాలు అనడం నోరు తిరగని రోజుల్లో వాడు పెట్టుకున్న పేరు అది. నేను ఒక మూల కుర్చీలో కూర్చుని చున్నీ కప్పుకుని పాలిస్తున్నాను. చేతిలో గ్లాసు పట్టుకుని అటుగా వెళుతున్న ఒక పెద్దమనిషి ఆగి, గొంతు సాగదీసి, "బిట్టీ!" అన్నాడు. చుట్టూ ఉన్న ఏడెనిమిది మంది ఒక్కసారి పగలబడి నవ్వారు. ఆ మాట నాకు తెలియదు. ముద్దుగా ఏదో అన్నారేమో అనుకుని నేనూ చిరునవ్వు నవ్వాను. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం నవ్వలేదు. నా వైపు చూడకుండా పళ్ళేలు సర్దడం మొదలుపెట్టింది. ఆమె ముఖం చూశాకే నాకు అనుమానం వచ్చింది.

రాత్రి పిల్లవాడు నిద్రపోయాక ఫోనులో వెతికాను. 'లిటిల్ బ్రిటన్' అనే బీబీసీ హాస్య కార్యక్రమం. డేవిడ్ వాలియమ్స్, మాట్ లూకాస్ అనే ఇద్దరు నటులు రాసి, రకరకాల వేషాల్లో తామే నటించిన చిన్న చిన్న నాటికల వరుస అది. 2004లో వచ్చిన రెండో భాగంలో హార్వీ పించర్ అనే పాత్ర ఉంది. పెళ్ళి కుదిరిన యువకుడు, సంపన్న కుటుంబం, ఒంటి మీద కోటు. కాబోయే అత్తమామల సమక్షంలో మర్యాదగా మాట్లాడుతూ మాట్లాడుతూ, ఉన్నట్టుండి తల్లి వైపు తిరిగి "బిట్టీ" అంటాడు. అంటే పాలు కావాలని. తల్లి ఏమీ జరగనట్టు రవికె గుండీలు తీస్తుంది. కొడుకు వంగి తాగుతాడు. ఎదుట కూర్చున్నవాళ్ళ ముఖాలు మాడిపోతాయి. ఎవరూ ఒక్క మాట అనరు.

ఇక్కడ నిజం చెప్పాలి. నాకు నవ్వు వచ్చింది. పక్కగదిలో పిల్లవాడు లేస్తాడేమోనని నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వాను. తర్వాత మళ్ళీ చూశాను, మూడోసారి చూశాను. అందులో నవ్వు పుట్టేది పాల దగ్గర కాదని అప్పుడు అర్థమైంది. ఎదుటివాళ్ళ మర్యాద దగ్గర పుడుతుంది. ఇంగ్లండ్‌లో పై తరగతి ఇళ్ళల్లో ఎంత ఘోరమైనది కళ్ళముందు జరిగినా టీ కప్పు దించకుండా వాతావరణం గురించి మాట్లాడగల ఒక పెంపకం ఉంది. నాటిక ఆ పెంపకాన్ని పరీక్షకు పెట్టింది. తల్లి దగ్గరి నుంచి ఎన్నటికీ బయటికి రాని, బయటికి రావలసిన అవసరమే లేని డబ్బున్న మగపిల్లల మీద కూడా అది ఎక్కుపెట్టిన బాణం. హాస్యంగా దాన్ని తప్పుపట్టలేను. తల్లి వేషం వేసిన జెరాల్డీన్ జేమ్స్ ముఖంలోని ప్రశాంతత ఎంత కష్టమైన నటనో చూస్తే తెలుస్తుంది.

మరి ఇంత చక్కటి హాస్యం పద్నాలుగేళ్ళ తర్వాత ఒక పెరట్లో, రెండేళ్ళ పిల్లవాడి తలమీదికి ఎలా వచ్చి పడింది? ఆ నాటికలోని కోటు, కుదిరిన పెళ్ళి, మర్యాదస్తులైన అత్తమామలు, అన్నీ రాలిపోయి ఒక్క మాట మిగిలింది. ఆ మాట వీధిలోకి వచ్చింది. పెళ్ళీడుకొచ్చిన హార్వీని చూసి నవ్వినవాళ్ళు, అలాంటివాడు నిజజీవితంలో ఎక్కడా ఎదురుపడడు కనుక, ఎదురుపడిన వాళ్ళకు ఆ పేరు పెట్టారు. ఎదురుపడింది నాలాంటి వాళ్ళం. తర్వాత ఆ ఊళ్ళో పాలిచ్చే తల్లులు కలుసుకునే ఒక చిన్న గుంపులో చేరినప్పుడు ఈ సంగతి చెబితే, అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఆ మాటతో ఒక అనుభవం ఉంది. ఒకామెతో ఆ మాట అన్నది ఆమె సొంత అన్న.

ఇంగ్లండ్ గురించి ఒక లెక్క తెలుసుకోకపోతే ఇది అర్థం కాదు. 2016లో 'లాన్సెట్' వైద్య పత్రిక ప్రపంచ దేశాల్లో తల్లిపాల పరిస్థితి మీద వరుసగా పరిశోధనలు ప్రచురించింది. బిడ్డకు ఏడాది నిండాక కూడా ఎంతో కొంత పాలిస్తున్న తల్లులు బ్రిటన్‌లో 0.5 శాతం అని అందులో ఉంది. రెండు వందల మందిలో ఒక్కరు. ప్రపంచంలోనే అతి తక్కువ. ఆ దేశంలో పుట్టి పెరిగిన మనిషి నడిచే పిల్లవాడు, మాట్లాడే పిల్లవాడు తల్లి దగ్గర పాలు తాగడం జీవితమంతా ఒక్కసారి కూడా చూడకుండా ఉండిపోవచ్చు. చూడనిదాన్ని గురించి వాళ్ళకు తెలిసినది ఆ నాటిక ఒక్కటే.

నా వాదన మొత్తం ఇక్కడే ఉంది. ఒక హాస్యం గాయం చేస్తుందా లేదా అన్నది అందులోని మాటల్ని బట్టి మాత్రమే తేలదు. ఆ హాస్యం చుట్టూ ఇంకేమున్నాయి అన్నదాన్ని బట్టి తేలుతుంది. లాయరు మీద వేళాకోళం చేస్తే లాయరుకు నష్టం లేదు, ఎందుకంటే మనం నిజమైన లాయర్లను వందమందిని చూసి ఉంటాం. వేళాకోళం నూట ఒకటో బొమ్మ అవుతుంది. రెండేళ్ళ బిడ్డకు పాలిచ్చే తల్లిని ఎన్నడూ చూడనివాడికి మాత్రం వేళాకోళమే మొదటి బొమ్మ, చివరి బొమ్మ. అప్పుడు దాని బరువంతా అక్కడ మిగిలిన ఆ రెండు వందల్లో ఒకామె మోయాలి.

ఆ నాటిక ఒక్కటే కాదు. 2010లో వచ్చిన ఒక హాలీవుడ్ హాస్యచిత్రంలో నాలుగేళ్ళ పిల్లవాడు పాలు తాగుతుంటే చుట్టూ ఉన్న స్నేహితులు ముఖాలు చిట్లిస్తారు. పిల్లవాడి వయసు ఏళ్ళలో కాకుండా నెలల్లో చెప్పడమే అందులో ఛలోక్తి. అది నాకు చప్పగా అనిపించింది, అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు. 2012 మే నెలలో 'టైమ్' పత్రిక ముఖచిత్రం మాత్రం నన్ను ఇప్పటికీ వదలదు. మూడేళ్ళ పిల్లవాడు చిన్న కుర్చీ ఎక్కి నిలబడి తల్లి రొమ్ము నోట్లో పెట్టుకుని ఉంటాడు. తల్లి నడుం మీద చెయ్యి వేసుకుని నిలుచుంటుంది. పక్కన పెద్ద అక్షరాలతో, నువ్వు సరిపోయేంత తల్లివేనా అని అడిగే ప్రశ్న. అది హాస్యం కోసం తీసిన బొమ్మ కాదు. అయినా వారం తిరగకుండా ఎన్ని పేరడీలు వచ్చాయో లెక్కలేదు.

పిల్లవాడు నిలబడి తాగడం నాకు వింతగా అనిపించలేదు. మా చిన్న మామయ్య అలాగే తాగేవాడట. వింత అంతా వాళ్ళ చూపులో ఉంది. ఇద్దరూ కెమెరా వైపు చూస్తున్నారు. పాలిచ్చే తల్లి, తాగే బిడ్డ బయటికి చూడరు. బిడ్డ తల్లి ముఖం వైపో, ఎక్కడా కాని చోటికో చూస్తాడు. తల్లి బిడ్డను చూస్తుంది, లేకపోతే పొయ్యి మీద అన్నం వైపు చూస్తుంది. వాళ్ళిద్దర్నీ మన వైపు తిప్పి నిలబెట్టగానే అది పాలివ్వడం కాకుండా పోయి ప్రదర్శన అయింది. ప్రదర్శన అయ్యాక దానికి ఈల వేసేవాళ్ళు రాక మానరు.

మా చిన్న మామయ్య సంగతి చెబుతాను. మాది తెనాలి దగ్గర పల్లె. మా అమ్మమ్మకు ఏడుగురు సంతానం, ఆయన ఆఖరివాడు. తర్వాత బిడ్డ లేదు కనుక పాలు మాన్పించవలసిన తొందర రాలేదు. అయిదేళ్ళు దాటి బడిలో వేశాక కూడా మధ్యాహ్నం గంట కొట్టగానే పరుగెత్తుకుని వచ్చేవాడట. అమ్మమ్మ అరుగు మీద నలుగురితో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే, చేట పక్కకు జరపకుండానే ఆయన పక్కన నిలబడి వంగి రెండు గుక్కలు తాగి, మళ్ళీ బడికి పరుగు. ఇది మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథ. ఆయన పెళ్ళిలో బంతి దగ్గర ఆడవాళ్ళు వియ్యాలవారి మీద వేళాకోళం పాటలు పాడుతూ, పెళ్ళికొడుకుకు విస్తరి వెయ్యొద్దు, వాళ్ళమ్మను పిలవండి అని వరస కట్టారట. పాట అందుకున్నది ఆడపెళ్ళివారు. వాళ్ళకు ఆ కథ అందించింది మా పెద్దమ్మ. పందిరంతా నవ్వింది. మామయ్య నవ్వాడు. అమ్మమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా.

అంటే హార్వీ పించర్ కంటే ముందే మా పందిట్లో ఎదిగిన మగవాడు, తల్లిపాలు, కాబోయే అత్తవారు, అన్నీ కలిసిన హాస్యం ఒకటి జరిగిపోయింది. విషయం అదే. పెరట్లో నాకు తగిలిన దెబ్బ అమ్మమ్మకు తగలలేదు. ఆ పాట పాడినవాళ్ళు, విన్నవాళ్ళు, అందరూ ఏళ్ళ తరబడి పాలిచ్చినవాళ్ళే, తాగినవాళ్ళే. వాళ్ళు తమలోంచి ఒకరిని చూసి నవ్వారు. మన భాషలోనే పసివాడికి చంటిపిల్ల అని పేరు. చన్ను తాగే పిల్ల అని దాని అర్థం. చంటి అని పిలిచిన పిలుపు ముద్దుపేరుగా నిలిచిపోయి, మనవళ్ళను ఎత్తుకున్న తాతలు కూడా ఊళ్ళో చంటిబాబులుగానే తిరుగుతున్నారు. ఎవరూ దాన్ని తిట్టు అనుకోలేదు.

ఇంకా వెనక్కి వెళ్ళాలనిపిస్తోంది. భాగవతం దశమ స్కంధంలో యశోద పెరుగు చిలుకుతుంటే కృష్ణుడు పాల కోసం వస్తాడు. వచ్చి కవ్వం పట్టుకుని ఆపుతాడు. ఇది ఒళ్ళో పడుకునే పసికందు కథ కాదు. నడిచే, కవ్వం పట్టుకోగల, అలిగే పిల్లవాడు. ఆమె ఒళ్ళోకి తీసుకుని పాలిస్తుంది. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగుతాయి. వాడికి కడుపు నిండకముందే దించి పరుగెత్తుతుంది. పిల్లవాడికి కోపం వచ్చి, పెదవి కొరుక్కుని, కళ్ళల్లో దొంగ నీళ్ళు పెట్టుకుని, రాయి తీసుకుని పెరుగు కుండ పగలగొట్టి, లోపలికి వెళ్ళి వెన్న తింటాడు. యశోద తిరిగి వచ్చి పగిలిన కుండ చూస్తుంది. ఇది తన కొడుకు చేసిన పనే అని తెలుసుకుంటుంది. సంస్కృత మూలంలో ఆ చోట ఆమె చేసిన పని నవ్వడం. తర్వాత బెత్తం తీసుకుని వెంటపడుతుంది, రోటికి కడుతుంది, అదంతా వేరే. మొదట నవ్వింది. పెద్ద పిల్లవాడికి పాలివ్వడంలో ఉన్న హాస్యాన్ని ఇంతకంటే బాగా పట్టుకున్న ఘట్టం నేను చదవలేదు. పొంగే పాలు, ఆగని ఆకలి, కడుపు సగమే నిండిన కోపం, పాడైన వంట. పాలిచ్చిన ప్రతి తల్లి వంటింట్లోనూ ఇది జరిగింది.

ఇంతటితో మన దగ్గర అంతా బాగుంది, తప్పంతా వాళ్ళదే అని ఆపేస్తే అబద్ధం చెప్పినదాన్ని అవుతాను. ఆ పెరటి సంగతి జరిగిన ఆరు నెలలకు సంక్రాంతికి ఇంటికి వచ్చాను. మావాడికి మూడేళ్ళు దగ్గరపడుతున్నాయి. చుట్టాల్లో ఒక పెద్దావిడ, "మగపిల్లవాడమ్మా, ఇంకా ఏమిటది, వేపాకు నూరి రాయి" అంది. రెండో రోజు ఎవరూ చెప్పకుండానే వేపాకు ముద్ద గిన్నెలో పెట్టి నా మంచం పక్కన ఉంచింది. చేదు రాసి మాన్పించడం మన ఇళ్ళల్లో పాత పద్ధతే. నన్ను కలవరపెట్టింది ఆ చేదు కాదు, 'మగపిల్లవాడు' అన్న మాట. ఆడపిల్ల అయితే ఇంకా ముందే మానమనేవాళ్ళని కూడా నాకు తెలుసు. మా అమ్మ ఆ గిన్నె తీసి పెరట్లో పారబోసి వచ్చి, ఏమీ అనకుండా నా పక్కన కూర్చుంది.

మన సినిమాల్లో హాస్యం పేరుతో పాల మీద వచ్చే రెండర్థాల మాటలు కూడా ఉన్నాయి. పాలపాకెట్టు, గేదె, పాలవాడు అంటూ మొదలై ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు. ఆ మాటల్లో బిడ్డ లేడు, తల్లి లేదు, పాలు కూడా లేవు. ఆడదాని ఒంటిని చూసే చూపు ఒక్కటే ఉంది. వాటి గురించి మంచి హాస్యమా చెడ్డ హాస్యమా అని నేను చర్చించను. అదే సినిమాలో ఒక రీలు దాటాక, తల్లిపాలు తాగినవాడివైతే రా అని కథానాయకుడు సవాలు విసురుతాడు. తాగినవాళ్ళు వీరులు, తాగించేది దాచుకోవలసిన పని. ఈ రెండూ ఒకే నోటి నుంచి వస్తాయి.

నన్ను నిజంగా భయపెట్టే సంగతి ఇంకొకటి. ఇంగ్లండ్‌లో చూసిన ఆ ఖాళీ మన నగరాల్లో మెల్లగా తయారవుతోంది. అరుగులు పోయాయి. అపార్ట్‌మెంట్లలో తలుపులు మూసి ఉంటాయి. పెద్ద దుకాణాల్లో, రైల్వే స్టేషన్లలో పాలిచ్చే గదులు పెట్టారు, మంచిదే, అవసరం తీరుతోంది. కాని గది ఉన్నాక బయట ఇవ్వడం తప్పు అన్న భావం కూడా దానితోపాటు వచ్చింది. 2018 మార్చిలో కేరళలో ఒక మలయాళ మహిళా పత్రిక, మేం పాలివ్వాలి, దయచేసి అలా కళ్ళప్పగించి చూడకండి అని రాసి ముఖచిత్రం వేస్తే, అది అశ్లీలమన్న ఫిర్యాదు కోర్టుదాకా వెళ్ళింది. కేరళ హైకోర్టు ఆ ఫిర్యాదును కొట్టివేసింది. ఆ చిత్రంలో నిజమైన తల్లిని కాకుండా ఒక మోడల్‌ను నిలబెట్టడం నాకు నచ్చలేదు. అయినా అలాంటి వాక్యం ఒక మన దేశపు పత్రిక రాయవలసి వచ్చిందంటే, అమ్మమ్మ అరుగు ఎంత దూరం జరిగిపోయిందో తెలుస్తోంది. ఈ రోజు హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్ళ కుర్రవాడు పాలు తాగే మూడేళ్ళ పిల్లవాడిని చూసి ఉంటాడా? మా తమ్ముడు వేదిక మీద నిలబడి చెప్పబోయేది అలాంటి కుర్రవాళ్ళకే.

వైద్యం ఏమంటుందో ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. మొదటి ఆరు నెలలు తల్లిపాలే, ఆ తర్వాత ఇతర ఆహారంతోపాటు రెండేళ్ళు, ఆపైన కూడా కొనసాగించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతోంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో రెండేళ్ళు, ఆపైన అన్న మాటను తన సూచనల్లో చేర్చింది. డబ్బాపాల ప్రకటనలను నిషేధిస్తూ మన దేశం 1992లో చేసి, 2003లో సవరించిన చట్టం కూడా రెండేళ్ళ వయసునే హద్దుగా పెట్టుకుంది. క్యాథరిన్ డెట్‌వైలర్ అనే మానవశాస్త్రవేత్త ఇతర క్షీరదాలతో, ముఖ్యంగా కోతి జాతులతో పోల్చి, మనిషి బిడ్డ సహజంగా పాలు మానే వయసు రెండున్నర నుంచి ఏడేళ్ళ మధ్య ఉంటుందని అంచనా వేసింది. ఏడేళ్ళు ఇవ్వమని నేను ఎవరికీ చెప్పను. మూడేళ్ళ పిల్లవాడు పాలు తాగితే అది రోగం కాదు, విడ్డూరం కాదు అని మాత్రం చెబుతాను. మానేసిన తల్లులను, మొదలే పెట్టలేకపోయిన తల్లులను చిన్నచూపు చూసేవాళ్ళను కూడా ఇదే గొంతుతో ఎదిరిస్తాను.

ఇంతా చెప్పాక, అలాంటి హాస్యాన్ని ఆపేయాలా అని అడిగేవాళ్ళు ఉంటారు. ఆపేయాలని నేను అనుకోవడం లేదు. 2020 జూన్‌లో 'లిటిల్ బ్రిటన్'ను బీబీసీ, నెట్‌ఫ్లిక్స్ తమ వేదికల నుంచి తొలగించాయి. కారణం ఈ నాటిక కాదు. తెల్లవాళ్ళు ఒంటికి రంగు పూసుకుని ఇతర జాతుల వేషాలు వేసినందుకు. నటులిద్దరూ దానికి క్షమాపణ చెప్పారు. ఆ వార్త చదివి మా గుంపులో ఒకామె ఇక మనకు కూడా పీడ పోయింది అంది. పోలేదు. నాటికను తీసేసినా మాట వీధిలోనే ఉంది, ఎందుకంటే మాటను తెచ్చిన ఖాళీ అలాగే ఉంది. నాటికను తీసేస్తే రెండు వందల్లో ఒకరు ఇద్దరు అవరు.

అలాగని, హాస్యాన్ని హాస్యంగా తీసుకోవాలి, మరీ ఇంత సున్నితమా అనేవాళ్ళతోనూ నాకు పొత్తు లేదు. ఆ రోజు పెరట్లో పదిహేను మందిలో నేను ఒక్కదాన్ని. నా ఒళ్ళో నిద్రపోతున్న పిల్లవాడు. మాట వేసిన మనిషి గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ తర్వాత నాలుగు నెలలు ఎవరి ఇంటికి వెళ్ళినా పిల్లవాడిని స్నానాలగదిలోకి తీసుకెళ్ళి, మూత వేసిన కమోడ్ మీద కూర్చుని పాలిచ్చాను. ఆ నాలుగు నెలల్లో వాడు ఆ మాట వదిలేశాడు. నలుగురిలో "పాయి" అనడం మానేసి, నా చెయ్యి పట్టుకుని తలుపు వైపు చూపించేవాడు. రెండున్నరేళ్ళవాడికి సిగ్గు ఎవరు నేర్పారు? దీన్ని నేను చిన్న విషయం అనుకోలేను. అనుకోమన్నవాళ్ళను క్షమించలేను.

అమెరికాలో ఆలీ వాంగ్ అనే హాస్యనటి, 2018లో విడుదలైన ఒక కార్యక్రమంలో, రెండో బిడ్డ కడుపులో ఉండగా, పెద్ద పొట్టతో వేదిక మీద నిలబడి మొదటి బిడ్డకు పాలిచ్చిన రోజుల గురించి చెప్పింది. తన ఒళ్ళు తనది కాకుండా పోయి క్యాంటీన్ అయిపోయిందని చెబుతుంటే జనం పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మాటల్లో మొరటుతనం చాలా ఉంది, మా అమ్మ ముందు పెట్టి చూడలేను. అయినా ఒక్కసారి కూడా నొప్పి కలగలేదు. ఆమె చెప్పే ప్రతి వాక్యం లోపలి నుంచి వస్తోంది. పగిలిన చనుమొన, నిద్రలేని రాత్రి, చేపు వచ్చి తడిసిన బట్ట, ఇవి తెలిసినవాళ్ళ నవ్వు వేరు. తల్లి కాకపోతే దీని మీద హాస్యం చెప్పకూడదని నేను అనడం లేదు. మా తమ్ముడు తల్లి కాలేడు. కాని కనుక్కోగలడు.

కనుక వాడికి ఇలా రాశాను. నువ్వు పంపిన దానిలో సగం బాగుంది. హోంవర్క్ మాట బాగుంది, అందులో పిల్లవాడు పిల్లవాడిగానే ఉన్నాడు, తన రోజు ఎలా గడిచిందో తల్లికి చెబుతున్నాడు. కాని నీ నాలుగు వాక్యాల్లో తల్లి ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అక్కడ నిలబడి ఉంది, అంతే. ఆమె చేతిలో ఏముంది? పప్పుగుత్తా? ఫోనులో ఎవరితోనైనా మాట్లాడుతోందా? ఆమెకు విసుగ్గా ఉందా? ఆమె ఏమనుకుంటోందో తెలియకపోతే, చూసేవాళ్ళు పక్కనుంచి వెళ్ళే మనిషిలా నిలబడి చూస్తారు. అప్పుడు వాళ్ళు నవ్వేది ఆమెను చూసి. ఇంకొకటి, పిల్లవాడికి పేరు పెట్టకు, నాకు తెలిసిన ఏ పిల్లవాడి పోలికా రానివ్వకు. వాడు రేపు పన్నెండేళ్ళవాడై తన స్నేహితులతో కూర్చుని ఇది చూడవచ్చు. మా మామయ్య పాట పందిరి దాటి బయటికి పోలేదు. నీ వీడియో పోతుంది.

అదే ఉత్తరంలో నాకు జరిగినవి మూడు రాసి పంపాను. బస్సులో మావాడు ఒకవైపు తాగేసి, రెండోది ఇవ్వమని చుట్టూ కూర్చున్నవాళ్ళందరికీ వినిపించేలా అడగడం. ఆడుకునే ఏనుగు బొమ్మకు కూడా ఇవ్వమని ఏడవడం. పాలు మానిన ఆరు నెలలకు ఒకసారి వచ్చి, ఇంకా ఉన్నాయేమో చూస్తానని నా చొక్కాలోకి తొంగిచూసి, లేవని తల ఊపి వెళ్ళిపోవడం.

వారం తర్వాత వాడు కొత్తగా రాసుకుని, మొదట వాళ్ళమ్మకు చదివి వినిపించాడట. పిన్నికి వేదికల మీద చెప్పే ఈ హాస్యం అంతగా పట్టదు. టీవీ కట్టేసి కూర్చుని మొత్తం విందట. మధ్యలో రెండుసార్లు నవ్విందట. అయిపోయాక, "అంతా రాశావు గాని, ఒకటి తాగుతూ రెండోదాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని చేత్తో గట్టిగా పట్టుకుని కాపలా కాస్తాడు చూడు, అది రాయలేదేం?" అందట. వీడు బిత్తరపోయి, అది నీకెలా తెలుసమ్మా అని అడిగాడట.

"నువ్వే కదరా," అందట పిన్ని, "నాలుగో ఏడు వచ్చేదాకా."